పనికిరాని ఉడత

'పనికిరాదు' అన్న మాటని మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. పొయ్యిలో రాజుకోని తడి కట్టెని, పదును పోయిన కొడవలిని, లెక్కలు ఎక్కని పిల్లవాణ్ణి, సంపాదన ఆగిపోయిన ముసలాయన్ని ఆ ఒక్క మాటతోనే తేల్చేస్తాం. కట్టె విషయంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. మనిషి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ మాట గొంతులో కొంచెం అడ్డుపడుతుంది. అడ్డుపడాలి కూడా. ఒక ప్రాణిని పనికిరానిదని నిర్ణయించేది ఎవరు? ఏ పనికి? ఆ తీర్పు తప్పని చెప్పాలంటే దానికో పని వెతికిపెట్టడమే మార్గమా? లేక అలా వెతకడం కూడా ఆ తీర్పుకి ఒక విధంగా తల ఊపడమేనా?

ఈ ప్రశ్నల్ని పెద్ద గ్రంథాల్లోంచి కాక పిల్లల ఆటలోంచి ఎత్తుకుందాం. ఆటలో నియమాలు స్పష్టంగా ఉంటాయి. బలాలు అంకెల్లో ఉంటాయి. ఎవరి మనసూ నొచ్చుకోదు. జీవితంలో చిక్కుపడి కనిపించే దారాలు అక్కడ విడివిడిగా కనిపిస్తాయి.

1996లో జపాన్‌లో మొదలైన పోకెమాన్ అనే వీడియో గేమ్ పేరు పిల్లలున్న ఇళ్ళలో విననివారు తక్కువ. తెలియనివారి కోసం నాలుగు మాటలు. అందులో వందలకొద్దీ వింత ప్రాణులుంటాయి. ఆడేవాడు వాటిని పట్టుకుని, పెంచి, జట్టు కట్టి ఎదుటివాడి జట్టు మీదికి పంపుతాడు. మన కోడిపందెం గుర్తుకొస్తే తప్పులేదు గాని, ఇక్కడ నెత్తురు చిందదు, సొమ్మసిల్లడమే ఓటమి. ప్రతి ప్రాణికీ ఆరు అంకెలు: ప్రాణశక్తి, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగం. వీటికి తోడు నిప్పు, నీరు, గడ్డి, విద్యుత్తు, ఇలా ఒకటో రెండో తత్త్వాలు. 2013 నాటికి తత్త్వాల సంఖ్య 18. నీరు నిప్పుని గెలుస్తుంది, నిప్పు గడ్డిని గెలుస్తుంది, గడ్డి నీటిని గెలుస్తుంది. ఆట అంతా ఈ పట్టిక మీదే నడుస్తుంది.

2014 నాటికి ఆటలో ప్రాణుల సంఖ్య 700 దాటింది. పెద్ద పోటీల్లో తరచుగా కనిపించేవి మాత్రం కొన్ని డజన్లే. గెలవాలని వచ్చినవాడు బలమైనవాటిని తెచ్చుకుంటాడు, అందులో వింత లేదు. చూడవలసింది దాని తర్వాత జరిగేది. ఎక్కువమంది వాడే ప్రాణి మీద ఎక్కువ ఆలోచన జరుగుతుంది. దానికి ఏ శిక్షణ నప్పుతుందో, ఏ జోడు కుదురుతుందో వేలమంది ప్రయత్నించి తేలుస్తారు. దాంతో అది ఇంకా పదునెక్కుతుంది. ఎవరూ వాడని ప్రాణి మీద ఆ ఆలోచన ఖర్చు కాదు. దానిలో ఏముందో ఎవరికీ తెలియదు గనక ఎవరూ వాడరు, ఎవరూ వాడరు గనక తెలియదు. ఆటగాళ్ళు ప్రాణుల్ని తరగతులుగా విభజించేటప్పుడు కూడా చాలాచోట్ల చూసేది ఎంతమంది వాడుతున్నారన్న లెక్కనే. తక్కువగా వాడేవి ఒక తరగతి, ఇంకా తక్కువగా వాడేవి మరో తరగతి. ఆ లెక్క చెప్పేది వాడకం గురించి. వినేవాళ్ళకి మాత్రం అది బలం గురించిన తీర్పులా వినిపిస్తుంది. బడిలో మార్కుల జాబితా తెలివి గురించిన తీర్పుగా మారిపోయినట్టే ఇదీ.

అయితే తీర్పంతా భ్రమే అనడం కూడా నిజాయితీ కాదు. అంకెలు ఉన్నాయి. గార్చోంప్ అనే ప్రాణికి ఆరు అంకెలూ కలిపితే 600. పచిరిసు అనే ప్రాణికి కలిపితే 405. ఆ తేడాని దయతో చెరిపెయ్యలేం. బలహీనుల గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా చేసే పొరపాటు ఇదే. "అందరూ సమానమే, చూసే చూపులోనే తేడా" అంటారు. ఆ మాట విన్న బలహీనుడికి తన కష్టం అబద్ధమన్నట్టు ఉంటుంది. పచిరిసు బలహీనమే. మన ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది.

బలహీనమైన ప్రాణిని పోటీలో నిలబెట్టడానికి ఆ ఆటలో మూడు దారులు కనిపిస్తాయి. సమాజంలోనూ దాదాపు ఈ మూడే.

మొదటిది, వేరే పందెం పెట్టడం. బలమైనవాటికి ప్రవేశం లేదని చెప్పి, మిగిలినవాటి మధ్య పోటీ పెడతారు. ఇది మంచి ఏర్పాటే. దీనివల్ల ఎన్నో ప్రాణులు బరిలో దిగాయి, ఎన్నో కొత్త ఎత్తులు బయటికొచ్చాయి. కాని ఆ చిన్న పందెంలోనూ కొద్దికాలానికి ఒక పైవరస ఏర్పడుతుంది, ఒక అడుగువరస మిగులుతుంది. అడుగువరస కోసం ఇంకో పందెం పెట్టాలి. గోడ కట్టినంత మాత్రాన గోడ లోపల ఎక్కువతక్కువలు పుట్టకుండా పోవు.

రెండోది, వరం ఇవ్వడం. ఆట తయారుచేసేవాళ్ళే బలహీనమైనదానికి కొత్త శక్తిని ప్రసాదిస్తారు. మావైల్ అని ఒక ప్రాణి ఉంది. 2002లో వచ్చింది. అంకెల మొత్తం 380, అంటే మన పచిరిసు కంటే తక్కువ. 2013లో వచ్చిన ఆటల్లో దానికి మెగా రూపం అనే వరం దొరికింది. మొత్తం 480కి చేరింది, పైగా దాడి బలాన్ని రెండింతలు చేసే గుణం వచ్చింది. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోనిది రాత్రికి రాత్రి భయపెట్టే ప్రాణి అయింది. సంతోషమే. కాని 2019లో వచ్చిన ఆటల్లో ఆ మెగా రూపాలే లేవు. మావైల్ ఉంది, వరం లేదు. మళ్ళీ 380. ఇచ్చినవాడు తీసుకుపోగలిగినదాన్ని సొంత బలం అనగలమా? వరాలు పొందినవాళ్ళ కథలు మన పురాణాల్లో తక్కువేం కాదు. వాటిలో చాలావాటి ముగింపూ మనకి తెలుసు.

మూడోది, ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఉంచి, దానికి సరిపోయే చోటు వెతకడం. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. దీనికి ఉదాహరణగా ఆ ఆట తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది 2014 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీ. పెద్దల విభాగంలో దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సే-జున్ విజేత అయ్యాడు. అతని జట్టులో గ్యారడోస్, గార్చోంప్, టాలన్‌ఫ్లేమ్, గార్డెవోర్, గోథిటెల్ ఉన్నాయి. ఆరోది పచిరిసు.

పచిరిసు అంటే ఉడత. జపాను భాషలో 'రిసు' అంటే ఉడత, 'పచిపచి' అంటే నిప్పురవ్వల చిటపట. విద్యుత్ తత్త్వం గల తెల్లని చిన్న ఉడత అది, వీపున నీలి చార. ఎత్తు 40 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలకి కాస్త తక్కువ. 2006లో ఆటలోకి వచ్చింది. పిల్లలు ముద్దుగా ఉందని పట్టుకునేవారు, పోటీకి మాత్రం తెచ్చేవారు కాదు. దాని దాడి అంకె 45. కొట్టినా ఎవరికీ పెద్దగా తగలదు. అలాంటిదాన్ని ప్రపంచ పోటీకి తెస్తే చూసేవాళ్ళకి మొదట వేళాకోళంగానే అనిపిస్తుంది.

ఆ పోటీ తీరు కొంచెం చెప్పుకోవాలి. ఒక్కొక్కరు ఆరు ప్రాణుల్ని తెచ్చి, ఆటకు నాలుగింటిని ఎంచుకుంటారు. బరిలో ఒకేసారి ఇటు రెండు, అటు రెండు నిలబడతాయి. కాబట్టి ఇది ద్వంద్వయుద్ధం కాదు, జోడీల యుద్ధం. పక్కన ఎవరున్నారన్నది ఇక్కడ ముఖ్యం.

గ్యారడోస్ పెద్ద నీటి ప్రాణి, దాని దెబ్బ చాలా గట్టిది. కాని దానికి విద్యుత్తు అంటే ప్రాణగండం. మామూలు రూపంలో విద్యుత్ దెబ్బ దానికి నాలుగింతలుగా తగులుతుంది, మెగా రూపంలో రెండింతలు. టాలన్‌ఫ్లేమ్ అనే పక్షికీ రెండింతలే. ఆ ఏడాది పోటీల్లో జాప్డోస్, రోటమ్ వంటి విద్యుత్ ప్రాణులు తరచుగా ఎదురయ్యేవి. అంటే జట్టులోని ఈ ఇద్దరు బలవంతులకీ ఒకే దిక్కునుంచి ముప్పు ఉంది. బలవంతుడికి ఇంకో బలవంతుణ్ణి తోడిస్తే ఆ ముప్పు పోదు.

ఉడత చేసే పని ఇక్కడుంది. దానికి 'ఫాలో మీ' అనే విద్య వచ్చు. ఆ విద్య వాడిన వంతులో, ఒక్కరిని గురిపెట్టి ఎదుటివాళ్ళు వేసే దెబ్బలన్నీ దాని మీదికే మళ్ళుతాయి. గ్యారడోస్ మీదికి రావలసిన పిడుగు ఉడత మీద పడుతుంది. పడితే ఏమవుతుంది? దానికి 'వోల్ట్ అబ్జార్బ్' అనే సహజగుణం ఉంది. విద్యుత్ దెబ్బ తగిలితే గాయం కాకపోగా, ప్రాణశక్తిలో నాలుగో వంతు తిరిగి నిండుతుంది. పెద్దవాణ్ణి చంపగల పిడుగు ఈ చిన్నదానికి ఆహారం. మిగతా దెబ్బల సంగతి చూస్తే, విద్యుత్ తత్త్వానికి నేల తత్త్వం ఒక్కటే ప్రమాదం. పక్షుల దెబ్బలు దానికి సగమే తగులుతాయి. పార్క్ దానికి కొట్టడం నేర్పలేదు. శిక్షణ అంతా దెబ్బలు ఓర్చుకోవడానికే పెట్టాడు.

దాడి అంకె 45 అన్నాం. దానికీ ఉపాయం ఉంది. 'సూపర్ ఫాంగ్' అనే కాటు ఎదుటివాడి దగ్గర ఉన్న ప్రాణశక్తిని సగానికి సగం కోసేస్తుంది. కరిచేవాడి బలంతో దానికి సంబంధం లేదు, ఏనుగు కరిచినా ఉడత కరిచినా సగమే. ఇంకొకటి 'నజిల్'. ఆప్యాయంగా బుగ్గ రాసినట్టుండే చిన్న దెబ్బ అది. నొప్పి పెద్దగా ఉండదు, కాని తగిలినవాడి ఒళ్ళు తిమ్మిరెక్కి, అప్పటి నియమాల ప్రకారం వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. చూడండి, ఇందులో ఒక్క విద్యా ఉడతకు లేని బలాన్ని ఉందని నటించమని అడగలేదు.

ఈ పనికి అలవాటైన వేరే ప్రాణి లేదా అంటే ఉంది. అమూంగస్ అనే పుట్టగొడుగు కూడా దెబ్బల్ని తన మీదికి మళ్ళిస్తుంది, చాలామంది దాన్నే వాడేవారు. కాని అది వాడే విద్య వేరు. 2013 నుంచి గడ్డి తత్త్వం గల ప్రాణుల మీద ఆ విద్య పనిచేయదు. ఉడత విద్యకి ఆ అడ్డు లేదు. పైగా పిడుగుని మింగే గుణం పుట్టగొడుగుకి లేదు. ఆ ఏడాది నియమాలు ఇంకో విధంగా కూడా కలిసొచ్చాయి. 2013 ఆటల్లోని కలోస్ అనే ప్రాంతం జాబితాలో ఉన్న సుమారు 450 ప్రాణుల్లోంచే జట్టు కట్టాలన్నది నియమం. వేరే ఏడాది అయితే ఇదే పనికి ఎన్నో బలమైన పేర్లు పోటీకొచ్చేవి. ఆ జట్టుకి, ఆ ఏడాదికి, ఆ చోటుకి సరిగ్గా సరిపోయినది ఆ ఉడతే.

మన పల్లెల్లో ఆడే పులిజూదం తెలిసినవాళ్ళకి ఇదంతా కొత్తగా ఉండదు. తమిళ, కన్నడ సీమల్లోనూ పులి-మేక ఆటగా అదే ఆడతారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకకి చంపే శక్తి లేదు. ఆట మొదలైనప్పుడూ లేదు, గెలిచిన తర్వాతా లేదు. అయినా మేకలు గెలుస్తాయి, సరైన గడిలో నిలబడి పులికి దారి లేకుండా చేస్తాయి. ఒంటరి మేకను పక్కన పెట్టుకుని దాని బలమెంత అని అడిగితే సున్నా అనే చెప్పాలి. పక్కన ఇంకో మేక నిలబడిన తర్వాత అడిగితే జవాబు మారుతుంది.

* * *

ఉడత అనగానే మనకి వెంటనే గుర్తొచ్చేది ఇంకొకటుంది. సేతువు కట్టేటప్పుడు ఇసుకలో పొర్లి ఆ రేణువుల్ని వారధి మీద దులిపిన ఉడత. వాల్మీకంలో ఈ కథ లేదు. మన రంగనాథ రామాయణంలో ఉంది. అంతకు చాలా ముందే తమిళంలో తొండరడిప్పొడి ఆళ్వార్ తన తిరుమాలైలో ఆ ఉడతల్ని తలుచుకుని, వాటిపాటి సేవ కూడా తాను చేయలేకపోయానని వాపోయాడు. దాన్నుంచే మనకి 'ఉడతా భక్తి' అన్న నుడికారం వచ్చింది. చందా పుస్తకంలో పది రూపాయలు రాసేటప్పుడు కూడా మనం ఆ మాటే అంటాం.

ఆ కథ అందమైనది, సందేహం లేదు. అయితే అందులో ఒక్క సంగతి గమనించాలి. ఉడత రాకపోయినా వారధి ఆగేది కాదు. కొండలు మోసేవాళ్ళు వేరే ఉన్నారు. ఉడతని రాముడు దువ్వింది అది చేసిన పనికి కాదు, దాని మనసుకి. మూడు చారలు దయకి గుర్తు. అందుకే ఉడతా భక్తి అన్న మాటలో వినయంతో పాటు చిన్నతనం కూడా ఇమిడి ఉంది. మనం ఇతరుల సేవని ఉడతా భక్తి అని అనం, మన గురించే అనుకుంటాం. ఇంకొకరి పనిని అలా అంటే అది అవమానం.

వాషింగ్టన్‌లో గెలిచిన ఉడత కథ దీనికి ఎదురుదిక్కున నిలబడుతుంది. అక్కడ దాన్ని దయతో తీసుకోలేదు. అది లేకపోతే ఆ జట్టులో ఒక రాయి ఊడిన వారధే మిగిలేది. బలవంతుల పక్కన చోటిచ్చినందుకు అది కృతజ్ఞత చెప్పవలసిన అవసరం లేదు. దాని అండ ఉన్నందుకు గ్యారడోసే చెప్పుకోవాలి. దయ పొందినవాడు తలవంచుకుని నిలబడతాడు, అవసరమైనవాడు మామూలుగా నిలబడతాడు. బయటికి రెండూ ఒకేలా కనిపించవచ్చు, లోపల తేడా పెద్దది.

1999లో వచ్చిన అదే ఆటలో ఒక పాత్ర, నేర్పుగల ఆటగాడు తనకి ఇష్టమైన ప్రాణులతోనే గెలవడానికి ప్రయత్నించాలని హితవు చెబుతుంది. ఆ మాటని అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. మంచి మాటే. కాని ఇష్టం ఒక్కటే చాలదు. ఇష్టంతో పచిరిసుని తెచ్చి, గార్చోంప్ చేసే పని చేయమని బరిలోకి తోస్తే అది మొదటి దెబ్బకే పడిపోతుంది. పిల్లల్ని ప్రేమించే తల్లిదండ్రుల్లో చాలామంది చేసేది ఇదే. వాడు ఇంజనీరు కాగలడని గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకంలో ప్రేమకి లోటు లేదు, వాణ్ణి చూడటంలోనే లోటుంది. ఉడత మీద నిజమైన గౌరవం ఉన్నవాడు ముందుగా దాని దాడి అంకె 45 అని ఒప్పుకుంటాడు. తర్వాత జాబితా మొత్తం ఓపికగా చదువుతాడు. ఆ విద్యలన్నీ ఎవరైనా చదువుకోగలిగినవే, ఏదీ రహస్యం కాదు. తోటివాళ్ళలో ఎక్కువమంది కళ్ళు ఆ పుట మీద ఆగలేదు, అంతే. చిన్నచూపు మనల్ని క్రూరుల్ని చేయకపోవచ్చు గాని, సోమరుల్ని మాత్రం తప్పకుండా చేస్తుంది.

* * *

ఇంతవరకు వచ్చి ఆపేస్తే ఇది హాయిగా ముగిసే నీతికథ అవుతుంది. 'ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని ఉంటుంది, వెతకండి' అని పాఠకుల్ని పంపించేయవచ్చు. కాని మిగిలిన కథ అంత హాయిగా లేదు.

పార్క్ గెలిచిన తర్వాత ఎంతోమంది ఉడతని తమ జట్లలో పెట్టుకున్నారు. ఉడత బలమైనదని తేలిపోయింది కదా అనుకున్నారు. తేలింది అది కాదు. ఆ ఐదు ప్రాణుల పక్కన, ఆ నియమాల కింద ఉడతకి పని ఉందని తేలింది. పక్కనున్నవాళ్ళని మార్చేసి ఉడతని మాత్రం ఎత్తుకొస్తే అది మళ్ళీ 405 అంకెల ఉడతే. ఆ మరుసటేడు నియమాలూ మారాయి. కలోస్ జాబితా గీత చెరిగిపోయింది, పాత ప్రాణులెన్నో తిరిగొచ్చాయి. 2015లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో జపాన్‌కు చెందిన షోమా హొనామి గెలిచాడు. అతని జట్టులో దెబ్బల్ని మళ్ళించే పనికి ఉన్నది పుట్టగొడుగు. ఉడత లేదు. అతని తప్పేమీ లేదు, గెలవడానికి వచ్చినవాడు గెలిచే జట్టునే కట్టుకుంటాడు.

మరి ఉడత సంగతి? దానికి చోటు దొరికినందువల్లే దానికి విలువ వచ్చిందని మనం అని ఉంటే, చోటు పోగానే విలువా పోయిందని ఒప్పుకోవాలి. మావైల్‌కి వచ్చిన వరం ఇచ్చినవాళ్ళతోనే పోయింది. ఉడతకి దొరికిన చోటు కాలంతో పోయింది. రెండోది గౌరవమైనదే గాని, శాశ్వతం మాత్రం కాదు.

ఇంకో సంగతి దీనికన్నా బాధ పెడుతుంది. ఈ ఆటలో ఒక జాతిలోని ప్రాణులన్నీ ఒక్కలా ఉండవు. ఒక్కొక్కదానికి పుట్టుకతో ఆరు రహస్య అంకెలు వస్తాయి, ఒక్కొక్కటి 0 నుంచి 31 వరకు. పోటీకి దిగేవాళ్ళు అప్పట్లో సాధారణంగా గుడ్ల మీద గుడ్లు పొదిగించి, అంకెలు కుదిరినదాన్ని ఉంచుకునేవారు. మా మనవడి ఆటలో ఒకసారి చూశాను. ఒకే జాతి పిల్లలు పెట్టెల నిండా ఉన్నాయి. ఒకదాన్ని ఉంచి మిగిలినవాటిని వరసగా వదిలేస్తున్నాడు. "ఎక్కడికి పోతాయిరా అవి?" అని అడిగితే, "ఎక్కడికీ పోవు తాతయ్యా, ఉండవంతే" అన్నాడు. వాడిలో క్రూరత్వమేమీ లేదు. అవి అంకెలు, వాడికి ఆ సంగతి తెలుసు.

కాని ఆలోచించండి. అందరూ చిన్నచూపు చూసిన జాతిని నెత్తిన పెట్టుకుని నిలబెట్టేవాడు కూడా, దాన్ని నిలబెట్టడానికి ఆ జాతిలోనే అంకెలు కుదరని పిల్లల్ని పెట్టె ఖాళీ చేసినట్టు ఖాళీ చేయవలసి వచ్చేది. జాతికి న్యాయం జరిగింది. ఆ జాతిలో పుట్టిన ఫలానా ఉడతపిల్లకి ఏం జరిగింది? ఒక కులానికో, ఒక ఊరికో, ఒక వర్గానికో గుర్తింపు తెచ్చిన వ్యక్తి గురించి మనం సన్మానసభల్లో మాట్లాడుకుంటాం. 'మావాళ్ళూ పనికొస్తారని నిరూపించాడు' అంటాం. ఆ మాటలో గర్వంతో పాటు ఒక ఒప్పుకోలు కూడా ఉంది. నిరూపించనివాళ్ళని ఎవరైనా పనికిరానివాళ్ళంటే ఇక మన దగ్గర జవాబు లేదన్నమాట.

అందుకే ఇక్కడ రెండు బాధ్యతల్ని విడదీసి చూడాలనిపిస్తుంది. ఇవి రెండూ కలిసిపోయినప్పుడే మనకి చిక్కు వస్తోంది.

ఒకటి, చోటు వెతికే బాధ్యత. ఇది న్యాయానికి సంబంధించినది. ఒక ప్రాణిని పక్కన పెట్టేముందు దాని పుట మొత్తం చదివామా అన్న ప్రశ్న ఇది. మనం పనికిరాడన్న ప్రతివాడి విషయంలోనూ ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. పచిరిసు కథ నేర్పేది ఈ పాఠమే, చాలా బాగా నేర్పుతుంది. చిన్నచూపు చూసే అలవాటున్న ఉపాధ్యాయుడికి, పై అధికారికి, ఇంటి పెద్దకి ఈ పాఠం అవసరం.

రెండోది, చోటు దొరకనప్పుడు కూడా నిలిచే బాధ్యత. దీన్ని ఆట నేర్పలేదు. ఆటకి గెలుపే గమ్యం కాబట్టి, గెలుపుకి అక్కరలేనిది పెట్టెలో ఉంటుంది. ఆటని అందుకు తప్పు పట్టనక్కరలేదు. తప్పు ఎక్కడ వస్తుందంటే, ఇంటిని కూడా మనం ఆటలాగే నడిపినప్పుడు.

దాదాపు ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఒక మనిషి ఉంటాడు. ఒక చిన్నాన్నో, మేనమామో, పెళ్ళికాని పెద్దమ్మో. చదువు అంతంతమాత్రం, సంపాదన లేదు. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు వాళ్ళ ప్రస్తావన తొందరగా దాటేస్తారు. కాని ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక ఆస్పత్రిలో చేర్చినప్పుడు, రాత్రంతా మంచం పక్కన కూర్చునేది ఆ మనిషే. ఉద్యోగాలున్నవాళ్ళకి సెలవు దొరకదు, డబ్బున్నవాళ్ళకి ఓపిక ఉండదు. రోగి విసుక్కుంటే పడేది, నర్సు కోప్పడితే వినేది, తెల్లవారి అందరూ వచ్చి డాక్టరు ఏమన్నాడని నిలదీస్తే నిదానంగా చెప్పేది ఆ మనిషే. అందరి మీదా పడవలసిన దెబ్బలు తన మీదికి తీసుకుంటాడు. మిగిలినవాళ్ళు తమ పనులు చేసుకోగలిగేది ఆ నీడలోనే. అప్పుడు ఆ మనిషి విలువ అందరికీ తెలుస్తుంది. 'వాడు లేకపోతే ఏమయ్యేదో' అని నలుగురూ అంటారు. అది ఉడతా భక్తి అని ఎవరూ అనరు.

అది మొదటి బాధ్యత. ఆలస్యంగానైనా మనం దాన్ని అప్పుడప్పుడు నెరవేరుస్తాం.

రోగి కోలుకుని ఇంటికి వచ్చేస్తాడు. ఏడాది గడుస్తుంది. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, ఆస్పత్రి అవసరం లేదు, నియమాలు మారాయి. ఆ మనిషి మళ్ళీ వరండాలో కూర్చుని ఉంటాడు. అప్పుడు మధ్యాహ్నం వేళ కంచాలు పెడుతూ లెక్కపెట్టేటప్పుడు, ఎవరూ గుర్తు చేయకుండానే అతని కంచం కూడా ఆ లెక్కలోకి వస్తుందా? పొలం అమ్మాలా వద్దా అని పెద్దలు మాట్లాడుకునేటప్పుడు 'నువ్వేమంటావు' అని ఎవరైనా అతనివైపు తిరుగుతారా? మన ఇల్లు బరికి భిన్నమైనదో కాదో ఆస్పత్రిలో గడిపిన ఆ రాత్రుల్లో తేలదు. ఏ పనీ పడని ఆ మామూలు మధ్యాహ్నాల్లో తేలుతుంది.